టేస్టింగ్ సాల్ట్ తింటే పాంక్రియాస్ పాడవుతుందా? రక్తం తీసేటప్పుడు నన్ను అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. పద్నాలుగేళ్లుగా పొద్దున్నే ఆరున్నరకి గ్లోవ్స్ వేసుకుని కూర్చోవడం, షుగర్‌కీ థైరాయిడ్‌కీ రక్తం తీయడం, ఇదే పని. డాక్టర్ని కాను, మందులు చెప్పను. కానీ సూది గుచ్చేటప్పుడు భయం తెలియకుండా ఉండాలని చాలామంది ఏదో ఒకటి మాట్లాడతారు, ఈ మధ్య ఆ మాటల్లో ఎక్కువగా వచ్చేది ఇదే. "ఏందమ్మా, నూడుల్స్ బండి మీద వేసే ఆ తెల్లుప్పు పాంక్రియాస్‌ని తినేస్తదంట గదా?" వెనకాల పదిమంది లైన్లో ఉంటారు కాబట్టి సగం జవాబు చెప్పి పంపించేస్తున్నాను, అది నాకే బాగా అనిపించడం లేదు. అందుకే తీరిగ్గా చదివి, మా డాక్టర్లని అడిగి, తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

టేస్టింగ్ సాల్ట్, అజినమోటో, ఎంఎస్‌జీ ఒకటేనా?

ఒకటే. అసలు పేరు మోనోసోడియం గ్లుటమేట్. అజినమోటో అనేది జపాన్ కంపెనీ పేరు, బట్టల సబ్బు పొడి ఏదైనా సర్ఫ్ అయిపోయినట్టు ఇక్కడ ఆ కంపెనీ పేరే వస్తువు పేరైంది. 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే ప్రొఫెసర్ కొంబు అనే సముద్రపు నాచు వేసి కాచిన చారుకి ఆ రుచి ఎక్కడి నుంచి వస్తోందో వెతికి, ప్రోటీన్‌లో ఉండే గ్లుటమేట్ అనే పదార్థాన్ని పట్టుకున్నాడు, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది అంగట్లోకి వచ్చింది. ఇప్పుడు నాచుతో పని లేదు. చెరకు మొలాసిస్ లాంటివాటిని బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తారు. ఎముకల పొడి అనీ ప్లాస్టిక్ అనీ తిరిగే మాటల్లో నిజం లేదు.

పాంక్రియాస్ ఎక్కడుంటుంది, దాని పనేంటి?

తెలుగులో క్లోమం అంటారు, స్కూల్ పుస్తకంలో చదివే ఉంటారు. కడుపు వెనకాల, వెన్నెముకకి ఆనుకుని అడ్డంగా పడుకుని ఉంటుంది, సుమారు జానెడు పొడవు. రెండు పనులు చేస్తుంది. ఒకటి, తిన్నది అరగడానికి రసాలు తయారుచేసి చిన్నపేగులోకి పంపడం. రెండోది, రక్తంలో చక్కెరని కనిపెట్టుకుని ఉండడం. ఈ రెండో పని చేసే కణాలు చిన్నచిన్న దిబ్బల్లాగా అక్కడక్కడా ఉంటాయి, వాటినే లాంగర్‌హాన్స్ దీవులు అంటారు. అందులో బీటా కణాలు ఇన్సులిన్ వదులుతాయి, చక్కెర తగ్గుతుంది. ఆల్ఫా కణాలు గ్లూకగాన్ వదులుతాయి, చక్కెర పెరుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద అవసరం పడుతుంది.

నేను తిన్న టేస్టింగ్ సాల్ట్ నేరుగా పాంక్రియాస్‌కి పోతుందా?

అందరూ అనుకునేది ఇదే, తప్పు అనుకునేదీ ఇక్కడే. తిన్న గ్లుటమేట్‌లో చాలా భాగాన్ని పేగు గోడలో ఉండే కణాలే ఇంధనంలాగా వాడేసుకుంటాయి. వంట చేసినవాళ్లే వంటింట్లో నిలబడి తినేస్తే భోజనాల బల్ల దాకా ఏం వస్తుంది, అట్టాంటిదే. అన్నంతోనో నూడుల్స్‌తోనో కలిపి తిన్నప్పుడు రక్తంలో గ్లుటమేట్ కొద్దిగానే పెరుగుతుంది. ఖాళీ కడుపుతో, నీళ్లలో కలుపుకుని, గ్రాములకి గ్రాములు తాగితే మాత్రం బాగానే పెరుగుతుంది. ఎవరూ అట్టా తాగరు, ప్రయోగాల్లో తప్ప.

ఇంకో సంగతి. మనం తినే పప్పులో, చేపలో, గుడ్డులో ప్రోటీన్ అరిగినప్పుడు కూడా గ్లుటమేటే వస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్క ప్రకారం అక్కడి మనిషి రోజూ తిండిలోని ప్రోటీన్ నుంచి సుమారు 13 గ్రాముల గ్లుటమేట్ తింటాడు, పైనుంచి కలిపిన ఎంఎస్‌జీ 0.55 గ్రాములు. శరీరానికి ఈ రెండిట్లో తేడా తెలియదు.

అయితే పాంక్రియాస్‌కి గ్లుటమేట్‌తో సంబంధమే లేదంటారా?

అట్టా అనను. సంబంధం ఉంది, అదీ గట్టి సంబంధమే. అందుకే ఈ ప్రశ్నని పూర్తిగా కొట్టిపారేసేవాళ్లతో కూడా నేను ఒప్పుకోను.

ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌తో పాటు గ్లుటమేట్‌ని కూడా బయటికి వదులుతాయి, ఆ గ్లుటమేట్ మళ్లీ వాటి మీదే పనిచేసి ఇంకొంచెం గ్లూకగాన్ వదిలేలా తోస్తుంది. బీటా కణాల లోపల కూడా గ్లుటమేట్ తయారవుతుంది. చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్ వదలడానికి అది లోపలి కబురు లాంటిదని 1999లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు చూపించారు. గ్లుటమేట్‌ని నడిపించే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే అతిగా పనిచేసే పిల్లలు ఉంటారు, చాలా అరుదు. వాళ్లకి ప్రోటీన్ ఎక్కువున్న భోజనం పెడితే ఇన్సులిన్ పొంగి షుగర్ పడిపోతుంది. గ్లుటమేట్‌కీ ఇన్సులిన్‌కీ ముడి ఎంత దగ్గరగా ఉందో చెప్పడానికి ఈ ఒక్క జబ్బు చాలు. ల్యాబ్ గాజు పళ్లెంలో బీటా కణాల చుట్టూ గ్లుటమేట్ బాగా ఎక్కువగా, ఎక్కువసేపు ఉంచితే ఆ కణాలు చచ్చిపోతాయని కూడా చూశారు.

గాజు పళ్లెంలో కణానికి పేగు అడ్డం లేదు, మీకు ఉంది. ఆ తేడా మర్చిపోయి చెబితే భయం అవుతుంది, తేడా ఒక్కటే చెప్పి మిగతాది దాస్తే మోసం అవుతుంది.

ఎలుకల మీద చేసిన ప్రయోగంలో పాంక్రియాస్ దెబ్బతిన్నదని వీడియోలో చెప్పారు. అబద్ధమా?

అబద్ధం కాదు. సగమే చెప్పారు. ఎలుకల కథ రెండు రకాలు, రెండిటినీ కలిపేస్తున్నారు.

మొదటిది 1969 నాటిది. జాన్ ఓల్నీ అనే అమెరికా డాక్టర్ అప్పుడే పుట్టిన చుంచు పిల్లలకి చర్మం కింద ఎంఎస్‌జీ ఇంజెక్షన్లు ఇచ్చాడు. మెదడులో ఆకలినీ హార్మోన్లనీ చూసుకునే హైపోథాలమస్ భాగం దెబ్బతింది, అవి పెద్దయ్యాక బాగా లావెక్కాయి. ఆ తర్వాత నుంచి లావు, షుగర్ మీద పరిశోధన చేసేవాళ్లు కావాలనే ఇట్టాంటి ఎలుకల్ని తయారుచేసుకుంటున్నారు. వాటిలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది కానీ శరీరం ఆ మాట వినదు, పాంక్రియాస్ దీవులు ఉబ్బుతాయి. వీడియోల్లో చూపించే ఫొటోలు చాలా వరకు ఇవే. ఇక్కడ మొదట దెబ్బతిన్నది మెదడు, పాంక్రియాస్ తర్వాత. పైగా ఇచ్చింది పుట్టిన రోజుల్లోనే, ఇంజెక్షన్‌గా, కిలో బరువుకి గ్రాముల లెక్కన. మీరు ప్లేట్ మంచూరియా తినడం వేరు.

రెండోది మనకి ఇంకా దగ్గరగా ఉండే ప్రయోగం, నిజాయితీగా ఆలోచించాల్సింది కూడా ఇదే. 2015లో థాయిలాండ్‌లోని ఖోన్ కేన్ యూనివర్సిటీ వాళ్లు పెద్ద ఎలుకలకి, ఇంజెక్షన్ కాదు, తాగే నీళ్లలో ఎంఎస్‌జీ కలిపి ఇచ్చారు, 9 నెలల దాకా. వాటి పాంక్రియాస్‌లో బీటా కణాల మొత్తం తగ్గింది, అక్కడక్కడా రక్తం చిమ్మిన మచ్చలు, గట్టిపడ్డ పీచు కనిపించాయి. అయితే ఆ ఎలుకలకి షుగర్ రాలేదు, గ్లూకోజ్ టెస్ట్‌లో తేడా పడలేదు. వీడియో ఈ చివరి వాక్యం చెప్పదు.

ఇప్పుడు మోతాదు చూద్దాం. వాళ్లు ఇచ్చింది రోజుకి కిలో బరువుకి 2 గ్రాములు. 60 కిలోల మనిషికి నేరుగా గుణిస్తే 120 గ్రాములు. ఎలుక ఒంట్లో అన్నీ వేగంగా జరుగుతాయి కాబట్టి మందుల వాళ్లు ఎలుక మోతాదుని ఆరు చిల్లరతో భాగిస్తారు, అట్టా చేసినా రోజుకి 19 గ్రాముల దగ్గర తేలుతుంది. అంటే నాలుగైదు చెంచాలు, రోజూ, ఏళ్ల తరబడి. నేను ఈ లెక్క రాసుకున్నాక కొంత ఊరట కలిగింది. కానీ షుగర్ రిపోర్టు నార్మల్‌గా ఉండగానే లోపల కణాలు తగ్గుతూ ఉండొచ్చు అన్న మాట మాత్రం మనసులో ఉండిపోయింది, ఎందుకంటే నేను రోజూ చూసేది ఆ రిపోర్టులే.

మనుషుల మీద ఏం తేలింది?

ఒకటే మాట మీద లేరు. 2002లో ఫ్రాన్స్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 10 గ్రాముల ఎంఎస్‌జీ మింగించి, తర్వాత గ్లూకోజ్ తాగించి చూశారు. రక్తంలో గ్లుటమేట్ ఎంత ఎక్కువ పెరిగితే ఇన్సులిన్ అంత ఎక్కువ వచ్చింది, చక్కెర అదుపులో మాత్రం మార్పు లేదు. అది ఒక్క పూట సంగతి. ఏళ్ల తరబడి చూసినవాటిలో, చైనాలో ఒక పరిశోధన ఎంఎస్‌జీ ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ లావుగా ఉన్నారంది, అదే చైనాలో జియాంగ్సు రాష్ట్రంలో చూసినవాళ్లు బరువు పెరగడానికీ దీనికీ సంబంధం కనిపించలేదన్నారు. 2012లో థాయిలాండ్ పల్లెల్లో చూస్తే ఎక్కువ వాడే ఇళ్లలో పొట్ట, బీపీ, షుగర్ కలిసి వచ్చే మెటబాలిక్ సిండ్రోమ్ ఎక్కువగా కనిపించింది.

ఇట్టాంటి లెక్కల్లో ఒక చిక్కు ఉంటుంది. టేస్టింగ్ సాల్ట్ ఎక్కువ తినేవాడు దాన్ని ఒట్టిదిగా నాకడు కదా. నూనె, తెల్లన్నం, ఉప్పు, రాత్రి పదకొండు గంటల తిండి, అన్నీ దాని వెంట వస్తాయి. ఏది ఏం చేసిందో విడదీయడం కష్టం. మనిషి పాంక్రియాస్‌ని మామూలు మోతాదులో ఎంఎస్‌జీ పాడుచేస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. అన్ని వయసుల్లో, అన్నేళ్ల పాటు పరీక్షించి ఏమీ కాదని తేల్చిన పరిశోధన కూడా లేదు.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

ఎంఎస్‌జీలో చక్కెర లేదు, షుగర్ లెవెల్‌ని అది నేరుగా ఎత్తేయదు. మీ షుగర్‌ని ఎత్తేది ప్లేటు నిండా ఉన్న ఫ్రైడ్ రైస్. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన "టేస్టింగ్ సాల్ట్ లేకుండా వేయించుకున్నానమ్మా" అని ధైర్యంగా చెప్పి, తిన్న రెండు గంటలకి ఇచ్చిన రక్తంలో 290 చూసి తెల్లబోయాడు. పాపం ఆయన తప్పేం లేదు, ఎవరో దొంగ అది అని చూపిస్తే అదే నమ్మాడు.

నా అభిప్రాయం చెప్తాను, ఇది అభిప్రాయమే. ఉప్పు, నూనె, టేస్టింగ్ సాల్ట్ మూడూ కుదిరితే ఆకలి తీరినా చెయ్యి ఆగదు. షుగర్ మొదలైనవాళ్లకి, మొదలవబోతోందని డాక్టర్ చెప్పినవాళ్లకి అసలు నష్టం అక్కడే ఉందని నేను అనుకుంటాను.

పాంక్రియాటైటిస్, అంటే పాంక్రియాస్ వాపు, వస్తుందా? మా వాడికి ఫాస్ట్ ఫుడ్ తిన్న రాత్రే వచ్చింది.

ఇది కొంచెం పెద్దగా రాస్తాను, నా ఇంట్లో జరిగింది కాబట్టి.

మా మేనమామ కందుకూరు వైపు ఉంటాడు. ఒక రాత్రి బండి దగ్గర చికెన్ ఫ్రైడ్ రైస్ తిని ఇంటికి వచ్చాడు, అర్ధరాత్రి దాటాక పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకున్నారు. సోడా తాగించారు, వాంతి అయింది. గ్యాస్ మాత్ర వేశారు. నొప్పి వీపులోకి పొడుచుకుపోతోందని, పడుకోలేక మంచం అంచున కూర్చుని మోకాళ్ల మీదికి వంగిపోయాడు, అట్టా వంగితేనే కాస్త తగ్గేదట. తెల్లారి నాకు ఫోన్ చేసి అత్తయ్య చెప్పిన మొదటి మాట "ఆ మాయదారి టేస్టింగ్ సాల్ట్ వల్లేనే అంతా" అని. వంగి కూర్చుంటే తగ్గుతోంది అన్న మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. వెంటనే ఒంగోలు తీసుకెళ్లమన్నాను. పాంక్రియాస్ వాపుని పట్టిచ్చే లైపేజ్ అనే రక్త పరీక్షలో 1800 దాటింది, మామూలుగా అయితే 60 లోపు ఉంటుంది. స్కాన్ చేస్తే పిత్తాశయం నిండా రాళ్లు. ఒక చిన్న రాయి జారి, పాంక్రియాస్ రసం వచ్చే దారికి అడ్డం పడింది. ఆ అన్నంలో టేస్టింగ్ సాల్ట్ వేయకపోయినా అది జరిగేదే. వారం ఆస్పత్రిలో ఉన్నాడు, తర్వాత పిత్తాశయం తీయించుకున్నాడు, ఇప్పుడు బాగున్నాడు. ఆ ఎనిమిది గంటలు సోడాతో, మాత్రలతో పోగొట్టుకున్నందుకు మాత్రం నాకు ఇప్పటికీ బాధే.

పాంక్రియాటైటిస్‌కి ఎక్కువగా కనపడే కారణాలు పిత్తాశయ రాళ్లు, మందు అలవాటు, ఆ తర్వాత రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు బాగా పెరిగిపోవడం, అంటే 1000 దాటడం. కొన్ని మందుల వల్ల కూడా వస్తుంది. కేరళ, తమిళనాడు వైపు పాంక్రియాస్‌లో రాళ్లు కట్టే ఒక రకం కూడా ఉంది, చిన్న వయసులోనే వస్తుంది, దాంతో షుగర్ కూడా వస్తుంది. ఈ వరసలో ఎంఎస్‌జీ లేదు. పొట్ట పైన భరించలేని నొప్పి, వీపులోకి పోవడం, ఆగని వాంతులు, ఈ మూడూ కలిస్తే ఏం తిన్నారో తర్వాత మాట్లాడుకోండి, ముందు బండి ఎక్కండి.

పాంక్రియాస్ క్యాన్సర్?

ఎంఎస్‌జీ వల్ల వస్తుందని రుజువు లేదు. సిగరెట్‌కి, ఊబకాయానికి, ఏళ్లుగా ఉన్న పాంక్రియాటైటిస్‌కి సంబంధం ఉందని తెలుసు. చుట్ట, బీడీ తాగుతూ టేస్టింగ్ సాల్ట్ గురించి అడిగేవాళ్లకి నేను ముందు ఆ చుట్ట గురించే చెప్తాను.

రోజుకి ఎంత దాకా ఫర్వాలేదు?

ఇక్కడ పెద్ద సంస్థలే రెండు మాటలు చెప్పాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ కలిసి నడిపే నిపుణుల కమిటీ 1987లో దీనికి హద్దు గీయాల్సిన అవసరం లేదంది. 2017లో యూరప్ ఆహార భద్రతా సంస్థ మళ్లీ లెక్కలు తీసి, అన్ని రకాల గ్లుటమేట్ పదార్థాలూ కలిపి రోజుకి కిలో బరువుకి 30 మిల్లీగ్రాములు అని గీత గీసింది. అంటే 60 కిలోల మనిషికి 1.8 గ్రాములు, 20 కిలోల పిల్లాడికి 0.6 గ్రాములు. ఈ లెక్క పైనుంచి కలిపేదానికే, టమాటాలో సహజంగా ఉన్నదానికి కాదు. నేనైతే ఈ రెండో గీతనే పట్టుకుంటాను. జాగ్రత్త వైపు ఉండే గీత కాబట్టి.

బండి మీద ఒక ప్లేట్‌లో ఎంత పడుతుంది?

చూద్దామనే ఒక సాయంత్రం ట్రంకు రోడ్డు పక్కన ఒక బండి దగ్గర నిలబడ్డాను. మాస్టర్ ముందు వరసగా డబ్బాలు, ఉప్పు, టేస్టింగ్ సాల్ట్, మిరియాల పొడి, ఇంకో ఎర్ర పొడి. చేతిలో పొడుగు గరిటె. దాని ముక్కుని ఒక్కో డబ్బాలో అట్టా తాటించి మూకుడు అంచున తట్టేవాడు, చూసే లోపే అయిపోయేది. మంట పైకి లేచినప్పుడు రెండోసారి టేస్టింగ్ సాల్ట్ డబ్బాలోకే గరిటె పోయింది. "రెండుసార్లు ఎందుకన్నా?" అంటే "సింగిల్ కాదక్కా, అది రెండు ప్లేట్లు" అన్నాడు. ఒక చిటికెడు తీసి కాగితంలో పెట్టమంటే నవ్వి, గరిటె ముక్కుతో తీసి పొట్లం కట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి వంటింటి కాటా మీద పెడితే 2 గ్రాములు చూపించింది. ఆ కాటా బంగారం తూచేది కాదు, అటూ ఇటూ ఉండొచ్చు. మామూలు చెంచా నిండా తీస్తే 4 నుంచి 5 గ్రాములు తూగింది.

అంటే ఒక్క ప్లేటుతోనే పెద్దవాళ్ల గీత దగ్గరికి వచ్చేస్తున్నాం, పిల్లాడికి అదే ప్లేటులో సగం పెట్టినా గీత దాటుతోంది. నెలకో రోజు మైపాడు బీచ్‌కి వెళ్లి తింటే ఆలోచించే పని లేదు. హాస్టల్ పిల్లలు, షిఫ్టులు చేసేవాళ్లు, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు, వీళ్లకి రోజూ రాత్రి భోజనమే అది. నా ఆలోచన అంతా వాళ్ల గురించే.

వద్దనుకుంటే మూకుడు పొయ్యి మీద పెట్టక ముందే చెప్పండి. "టేస్టింగ్ సాల్ట్ వద్దన్నా" అంటే ఏ మాస్టరూ ఏమీ అనుకోడు. సాస్‌లలో ఉండేది మాత్రం ఎట్టాగూ పడుతుంది.

మన ఇంటి వంటలో కూడా గ్లుటమేట్ ఉంటుందా?

ఉంటుంది. బాగా పండిన టమాటాలో, ఎండు రొయ్యల్లో, పుట్టగొడుగుల్లో. తల్లిపాలలో విడిగా ఉండే అమైనో ఆమ్లాలన్నిట్లో ఎక్కువ ఉండేది గ్లుటమేటే. అమ్మ ఎండు రొయ్యలు వేసి వంకాయ కూర చేస్తే వచ్చే ఆ రుచిలో దీని వాటా ఉంది. టేస్టింగ్ సాల్ట్‌కి బదులు ఏం వేయాలి అని అడిగేవాళ్లకి నా జవాబు అదే, గుప్పెడు ఎండు రొయ్యలు దోరగా వేయించి పొడి కొట్టి పెట్టుకోండి. చేపల పులుసుకి అదీ అక్కర్లేదు. చింతపండు పులుపు, మామిడికాయ ముక్క, రాత్రి చేసి పొద్దున తినే ఓపిక ఉంటే చాలు.

పిల్లలకి?

ఏడాది లోపు పిల్లలకి వద్దు. ఎంఎస్‌జీ కలిపిన ప్యాకెట్ల మీద 12 నెలల లోపు పిల్లలకి తగదని రాయాలని మన దేశంలో ఫుడ్ లేబుల్ నిబంధనల్లోనే పెట్టారు. ఓల్నీ ప్రయోగం బయటికి వచ్చిన 1969లోనే అమెరికాలో పసిపిల్లల ఫుడ్ తయారుచేసే పెద్ద కంపెనీలు తమంతట తామే దీన్ని మానేశాయి. పెద్ద పిల్లల విషయంలో పైన చెప్పిన బరువు లెక్క చూసుకోండి. నూడుల్స్ ప్యాకెట్‌లో మసాలా పొట్లం సగమే వేసి, మిగతా సగం పారేయడం మా ఇంట్లో అలవాటు. మా పాప మొదట్లో అలిగింది, ఇప్పుడు పూర్తిగా వేస్తే ఉప్పగా ఉందంటోంది.

ప్యాకెట్ మీద ఎంఎస్‌జీ లేదని రాసి ఉంటే నమ్మొచ్చా?

కలపలేదని మాత్రమే దాని అర్థం. వెనక చిన్న అక్షరాల్లో 621 అనే నంబర్ ఉంటే అది ఎంఎస్‌జీ. 627, 631, 635 అనేవి వేరే రుచి పెంచేవి, ఎక్కువగా 621కి తోడుగా వేస్తారు. ఇవి ఒంట్లో యూరిక్ యాసిడ్ అవుతాయి, గౌట్ (యూరిక్ యాసిడ్‌తో కీళ్లు వాచే జబ్బు) ఉన్నవాళ్లు చూసుకోవాలి. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అనో, హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్ అనో రాసి ఉంటే అందులో కూడా గ్లుటమేట్ సహజంగా ఉంటుంది.

బీపీ, కిడ్నీ సమస్య ఉంది. మామూలు ఉప్పు కంటే ఇది మేలు అంటున్నారు?

మామూలు ఉప్పులో సోడియం 39 శాతం, దీనిలో 12 శాతం. ఉప్పు సగం తగ్గించి దీన్ని కొంచెం వేస్తే మొత్తం సోడియం తగ్గుతుంది, ఆ మాట నిజమే. మన దగ్గర జరిగేది వేరు, ఉప్పు ఉప్పే, పైన ఇది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఇప్పటికే ఒళ్లు గుల్లయిన ఊళ్లున్నాయి. అక్కడి నుంచి కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ టెస్ట్‌కి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఈ రెండు ఉప్పుల పోటీ పెట్టొద్దు, కిడ్నీ డాక్టర్ చెప్పిన సోడియం కొలత ఎంతో అడిగి రాయించుకోండి.

తిన్న వెంటనే తలనొప్పి, మెడ పట్టేయడం వస్తుంది. పాంక్రియాస్‌కి ఏమైనా సూచనా?

కాదు. 1968లో అమెరికాలో ఒక డాక్టర్ చైనా హోటల్‌లో తిన్నాక ఇట్టా అవుతోందని మెడికల్ పత్రికకి ఉత్తరం రాసినప్పటి నుంచి ఈ చర్చ నడుస్తోంది. ఖాళీ కడుపుతో 3 గ్రాములు, ఆ పైన తీసుకుంటే కొద్దిమందికి కాసేపు అట్టాంటి ఇబ్బంది రావొచ్చని తేలింది, దానంతట అదే తగ్గుతుంది. మీకు వస్తుంటే మానేయండి.

నా పాంక్రియాస్ ఎట్టా ఉందో తెలుసుకోవడానికి ఏ టెస్ట్ చేయించుకోవాలి?

టేస్టింగ్ సాల్ట్ తిన్నారని ప్రత్యేకంగా చేసే టెస్ట్ ఏదీ లేదు. ఎవరైనా ఉందని ప్యాకేజీ అమ్మితే డబ్బులు దాచుకోండి. లైపేజ్, అమైలేజ్ నొప్పి ఉన్నప్పుడు చేసేవి, ఏ బాధా లేని మనిషికి వాటితో ఉపయోగం లేదు. ముప్పై దాటినవాళ్లు, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. పరగడుపున 100 నుంచి 125 వస్తే, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే గడప దగ్గర ఉన్నట్టు. 126 కానీ 6.5 కానీ, ఆ పైన కానీ వస్తే డాక్టర్ ఇంకోసారి చూసి షుగర్ అని ఖాయం చేస్తారు. వాటితో పాటు ట్రైగ్లిజరైడ్స్ కూడా చూపించుకోమంటాను, ఎందుకంటే పాంక్రియాస్‌ని నిజంగా దెబ్బకొట్టగలిగేది అందులో కనపడుతుంది, మనవాళ్లు దాన్ని ఎప్పుడూ పట్టించుకోరు.

వచ్చే ముందు రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర కల్లా తినేయండి. పొద్దున మంచినీళ్లు తాగొచ్చు, కాఫీ టీలు వద్దు. పొరపాటున బస్టాండ్‌లో టీ తాగేసి ఉంటే దాచిపెట్టకండి, నాతో చెప్పండి. కోప్పడను. హెచ్‌బీఏ1సీకి రక్తం తీసుకుని, మిగతావాటికి మర్నాడు రమ్మంటాను.